గుడ్‌ఇయర్ అనేది ఒక ఇంటిపేరు

పోయిన సెప్టెంబరులో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వస్తుంటే, శిరివెళ్ల దాటినాక మా అన్న కారు ఒక రెండు సెకన్లు ఎవరి మాటా వినలేదు. వాన అప్పుడే తగ్గింది. వరిమళ్లలోంచి ఏదో ట్రాక్టరు రోడ్డెక్కినట్టుంది, నల్లరేగడి బురద పట్టీలు పట్టీలుగా పడి ఉంది. ముందు లారీ స్లో అయింది, అన్న బ్రేకు తొక్కాడు. కాలి కింద ఏబీఎస్ కటకటమంటోంది, బండి మాత్రం పోతానే ఉంది. ఆగేసరికి లారీ వెనక డాలాకూ మా బానెట్‌కూ మధ్య ఒక మనిషి అడ్డంగా పడుకునేంత జాగా కూడా లేదు. వెనక సీట్లో అమ్మ, అమ్మ ఒళ్లో అన్న కూతురు. ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మ అహోబిలం వైపు తిరిగి దండం పెట్టుకుంది. ఇంటికి చేరేదాకా ఎవ్వరం మాట్లాడలేదు.

మరుసటి రోజు టైర్లు చూశాం. అర్థం కాని సంగతి ఏమంటే, గ్రిప్పు బాగానే ఉంది. మన దగ్గర టైరు మీద ఉండే గాళ్లనే గ్రిప్పు అంటాం కదా. గాడి లోతుగా ఉంటే గ్రిప్పు ఉన్నట్టు, అరిగిపోతే లేనట్టు. ఆ లెక్కన ఈ టైర్లు ఇంకో ఇరవై వేల కిలోమీటర్లు తిరుగుతాయి. కారు సెకండ్ హ్యాండ్‌ది, మొదటి ఓనరు ఎక్కువ తిప్పలేదని అమ్మినాయన గొప్పగా చెప్పాడు కూడా. పంక్చర్ షాపాయన గాళ్ల జోలికే పోలేదు. గోరుతో రబ్బరును నొక్కి చూశాడు, గోరు దిగలేదు. తర్వాత టైరు పక్కగోడ మీద చిన్న గుడ్డులాంటి గీతలో ఉన్న నాలుగంకెలు చూపించాడు. 3615. అంటే 2015లో 36వ వారంలో తయారైంది. తొమ్మిదేళ్ల టైరు. తిరగలేదు, నిజమే. తొమ్మిది నంద్యాల ఎండాకాలాలు ఎండలో నిలబడింది.

కొత్త టైర్ల కోసం షాపులు తిరిగేటప్పుడే ఒక బోర్డు మీద గుడ్‌ఇయర్ అన్న పేరు చూసి ఆగాను. చిన్నప్పటి నుంచి చూస్తున్న పేరే. మంచి సంవత్సరం అని అర్థం కాబోలు, మనవాళ్లు షాపుకు శుభలాభ్ అని పెట్టుకున్నట్టు వాళ్లు పెట్టుకున్నారనుకునేవాణ్ని. అది ఒక మనిషి ఇంటిపేరని థర్డ్ ఇయర్‌కు వచ్చినాక తెలిసింది. నవ్వకండి, మీలో సగం మందికి ఇప్పుడే తెలిసుంటుంది.

చార్లెస్ గుడ్‌ఇయర్ 1800 డిసెంబరు 29న అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో పుట్టాడు. తండ్రి అమాసా గుండీలు, సేద్యపు పనిముట్లు తయారు చేసి అమ్మేవాడు. కొడుకు పెద్దయ్యాక ఫిలడెల్ఫియాలో ఇనుప సామాన్ల అంగడి పెట్టాడు. 1824లో క్లారిస్సా బీచర్‌తో పెళ్లయింది. 1830కల్లా అంగడి మునిగింది. ఆ కాలంలో అప్పు తీర్చకపోతే జైలే. అప్పటి నుంచి బతికినంత కాలం ఆయన జైలుకు పోతూ వస్తూనే ఉన్నాడు. కెమిస్ట్రీ చదవలేదు, ల్యాబ్ లేదు, చేతిలో డబ్బు అసలే లేదు.

1834లో న్యూయార్క్‌లో రాక్స్‌బరీ ఇండియా రబ్బర్ కంపెనీ వాళ్ల అంగడిలో, నీళ్లలో మునగకుండా కట్టుకునే గాలి పట్టీ ఒకటి చూశాడు. దాని గాలి వాల్వు బాగాలేదనిపించింది. ఇంటికి పోయి ఇంకా మంచి వాల్వు తయారు చేసి తెచ్చి చూపించాడు. మేనేజరు మెచ్చుకున్నాడు గానీ అసలు సంగతి చెప్పేశాడు. రోగం వాల్వుది కాదు, రబ్బరుది. బ్రెజిల్ నుంచి వచ్చే ఆ చెట్టుపాల ముద్దతో బూట్లు, కోట్లు చేసి అమ్మితే జనం మొదట ఎగబడి కొన్నారు. ఎండాకాలం రాగానే అవి కరిగి, కంపు కొట్టి, బంకలా అంటుకున్నాయి. చలికాలంలో రాయిలా బిగిసి పగిలాయి. కొన్నవాళ్లంతా వెనక్కి తెచ్చి పడేస్తున్నారు. అక్కడి ఎండ మన మే నెల ఎండ ముందు ఏపాటిది? నలభై నాలుగు డిగ్రీల నంద్యాలలో ఆ బూట్లు వేసుకుని బస్టాండుకు పోతే సగం దారిలోనే కాళ్లకు పాయసం అయ్యేవి.

అంటే వేడికి మెత్తబడకూడదు, చలికి బిగుసుకోకూడదు. ఈ ఒక్క ప్రశ్న ఆయన్ని పట్టుకుంది, చచ్చేదాకా వదల్లేదు.

మొదటి ప్రయోగాలు ఫిలడెల్ఫియా జైల్లోనే. అప్పు కింద లోపల వేస్తే, పచ్చి రబ్బరు ముద్దా, రొట్టెలు ఒత్తే కర్రా పంపమని భార్యకు చెప్పాడు. జైల్లో కూర్చుని చపాతీ పిండిలా రబ్బరును పిసికాడు. మెగ్నీషియా పొడి కలిపితే జిగట తగ్గి తెల్లగా వచ్చింది. బయటికొచ్చి ఇంటిల్లిపాదీ కలిసి బూట్లు చేశారు. ఎండాకాలానికి అవీ కరిగాయి. సున్నం నీళ్లలో ఉడికించాడు, అది కుదిరిందనుకునేలోపు ఒక చుక్క వెనిగర్ పడితే చాలు, మళ్లీ బంక. నైట్రిక్ యాసిడ్‌తో పైపొర నునుపుగా, పొడిగా వచ్చింది. ఆ పొగలకు ఒకసారి ప్రాణం పోయినంత పనైంది. దీన్ని నమ్మి డబ్బు పెట్టిన భాగస్వామి 1837 ఆర్థిక సంక్షోభంలో మునిగిపోయాడు. ఆ పద్ధతితోనే ప్రభుత్వానికి 150 తపాలా సంచులు చేసిచ్చే పని దొరికింది. సంచులు తయారు చేసి వేడిగా ఉండే గదిలో వేలాడదీసి, కొన్ని వారాలు ఊరికి పోయొచ్చి చూస్తే పట్టీలు జారి, సంచులు కారుతున్నాయి. యాసిడ్ పైపొరనే బాగు చేసింది. లోపలి రబ్బరు లోపలి రబ్బరుగానే ఉంది.

తలనుంచి కాళ్లదాకా రబ్బరు బట్టలేసుకుని, పైసా లేని రబ్బరు పర్సు పట్టుకుని ఎవరైనా కనబడితే అతనే గుడ్‌ఇయర్ అని ఊళ్లో జోకు. అది నిజంగా ఆయన వేషమే.

మసాచుసెట్స్‌లో వూబర్న్ అనే ఊళ్లో నథానియల్ హేవర్డ్ అనే పనివాడు రబ్బరులో గంధకం కలిపి ఎండబెడుతున్నాడు. గుడ్‌ఇయర్ అతణ్ని పనిలో పెట్టుకుని, అతని పేటెంటు కూడా కొన్నాడు. 1839 చలికాలంలో గంధకం కలిపిన రబ్బరు ముక్క ఒకటి కాలుతున్న పొయ్యికి తగిలింది. ఎట్లా తగిలిందనే కథ తలా ఒక రకంగా చెప్తారు, చేయి ఊపుతుంటే ఎగిరి పడిందని కొందరు, తానే పెట్టాడని కొందరు. తగిలాక జరిగింది మాత్రం ఒకటే. కరగాల్సిన రబ్బరు కరగలేదు, తోలు మాడినట్టు మాడింది. మాడిన అంచు పక్కన ఒక సన్నని పట్టీ మాత్రం మాడకుండా, కరగకుండా, సాగుతూ ఉంది. దాన్ని ఆ రాత్రి బయట చలిలో మేకు కొట్టి ఉంచాడు. పొద్దున చూస్తే మెత్తగానే ఉంది.

అదృష్టం అంటే ఆయనకు కోపం. ఆ పొయ్యి దగ్గర ఇంకెవరున్నా మాడిందని బయట పారేసి ఉండేవాళ్లు, అయిదేళ్లుగా దానికోసమే చూస్తున్నవాడికే అది కనబడింది అన్నది ఆయన వాదం. నాకూ అదే సబబనిపిస్తుంది.

పాలిమర్స్ క్లాసులో మనకు ఒక్క స్లైడులో చెప్పేసి దాటిపోయిన సంగతి ఇదే. రబ్బరు అంటే పొడుగాటి అణు గొలుసుల చిక్కు. వేడికి గొలుసులు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి, అదే కరగడం. గంధకం, వేడి కలిస్తే గొలుసుకూ గొలుసుకూ మధ్య అక్కడక్కడ ముడి పడుతుంది. ముళ్లు తక్కువైతే బంక, ఎక్కువైతే చెక్క. సరైన చోట ఆపడమే విద్య. గుడ్‌ఇయర్‌కు గొలుసుల సంగతి తెలీదు. ఆయన బతికుండగా ఎవరికీ తెలీదు. ఎంత గంధకం, ఎంత వేడి, ఎంతసేపు అన్నది చేతులతో వెతికాడు. భార్య రొట్టెలు కాల్చే పొయ్యిలో, ఇరుగుపొరుగు పొయ్యిల్లో, ఫ్యాక్టరీల ఆవిరి గొట్టాల దగ్గర బతిమాలి ముక్కలు పెట్టి చూశాడు. చివరికి ఒత్తిడి మీద ఉన్న ఆవిరిలో, దాదాపు 130 డిగ్రీల దగ్గర, కొన్ని గంటలు అని తేలింది.

ఈ అయిదేళ్ల గురించి చదివినప్పుడు ఆయన మీద గౌరవం కంటే కోపమే ఎక్కువొచ్చింది నాకు. ఇంట్లో సామాన్లు అమ్మాడు, పిల్లల బడి పుస్తకాలు కూడా అమ్మాడు. ఒక పసికొడుకు చనిపోతే పూడ్చడానికి డబ్బుల్లేవు. పుట్టిన పిల్లల్లో చాలామంది చిన్నతనంలోనే పోయారు. క్లారిస్సా ఏమనుకుందో ఏ పుస్తకంలోనూ సరిగ్గా లేదు. వాళ్లింటి పొయ్యిలో గంధకం కంపు మధ్యలోనే ఆమె రొట్టె కాల్చాలి. గొప్పవాళ్ల కథల్లో పట్టుదల అని ఒక ముక్కలో చెప్పేదాంట్లో ఆమె వంటిల్లంతా ఉంది.

1844 జూన్ 15న అమెరికా పేటెంటు వచ్చింది, నంబరు 3633. ఇంగ్లండులో మాత్రం దెబ్బ తిన్నాడు. ఆయన రబ్బరు ముక్కలు అక్కడికి చేరితే, థామస్ హాన్‌కాక్ వాటి మీద గంధకం జాడ పట్టి, తానూ ప్రయోగాలు చేసి, 1843 నవంబరులోనే పేటెంటుకు పెట్టేశాడు. గుడ్‌ఇయర్ కొన్ని వారాలు ఆలస్యం. హాన్‌కాక్ స్నేహితుడొకాయన రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ పేరు మీద వల్కనైజేషన్ అన్నాడు, ఆ పేరే నిలిచింది. మన ఊళ్లలో ట్యూబు అతికించే షాపు బోర్డు మీద రకరకాల స్పెల్లింగులతో కనబడే మాట అదే. అమెరికాలో 1852 కేసులో విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టరే లాయరుగా నిలబడి గెలిపించాడు, ఫీజు 15,000 డాలర్లు. గెలిచినా వచ్చిన డబ్బు వచ్చినట్టే పోయింది. 1851 లండన్ ఎగ్జిబిషన్‌లో గోడల నుంచి కుర్చీల దాకా రబ్బరుతోనే ఒక గది కట్టించాడు, ఖర్చు 30,000 డాలర్లు. 1853లో క్లారిస్సా పోయింది. 1855 పారిస్ ఎగ్జిబిషన్‌కు 50,000 పెట్టి, అప్పు తీర్చలేక క్లిషీ జైల్లో పడ్డాడు. మూడో నెపోలియన్ చక్రవర్తి ఇచ్చిన పతకం ఆయనకు ఆ జైల్లోనే అందింది. 1860లో చావు బతుకుల్లో ఉన్న కూతుర్ని చూడ్డానికి బయలుదేరి, న్యూయార్క్‌లో దిగేసరికి ఆమె పోయిందని తెలిసింది. అక్కడే కుప్పకూలి జులై 1న పోయాడు. వెనక మిగిలింది సుమారు రెండు లక్షల డాలర్ల అప్పు.

కారు ఆయన చూడలేదు. డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో కొడుకు మూడు చక్రాల సైకిల్‌కు గాలి టైరు కట్టింది 1888లో. గుడ్‌ఇయర్ కంపెనీ పుట్టింది 1898లో, ఓహాయోలోని ఆక్రన్ ఊళ్లో. ఫ్రాంక్ సైబర్లింగ్ గౌరవంగా ఆ పేరు పెట్టుకున్నాడంతే. కుటుంబానికి దాంతో ఏ సంబంధమూ లేదు.

ఇదంతా చదివాక మా టైరు సంగతి అర్థమైంది. ముడి పడిన రబ్బరు అక్కడితో ఆగిపోదు. ఎండ, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాని మీద పని చేస్తూనే ఉంటాయి. మెత్తదనం కోసం కలిపిన నూనెలు మెల్లగా పోతాయి, కొత్త ముళ్లు పడతాయి, రబ్బరు గట్టిబడుతుంది. గాడి అట్లాగే ఉంటుంది, రబ్బరు మాత్రం రాక్స్‌బరీ కంపెనీ చలికాలపు బూటు అయిపోతుంది.

అన్నకు నమ్మకం కుదరలేదు. నీళ్ల మీద తేలిపోయింది, గాడి చాలలేదు, ఇంకా వెడల్పు టైర్లు, పెద్ద గాళ్లవి వేయాలన్నాడు. సరే లెక్క వేద్దామన్నాను. నిలిచిన నీళ్ల మీద టైరు తేలే వేగానికి 1960ల్లో నాసాలో వాల్టర్ హార్న్, ఆయన తోటివాళ్లు విమానం చక్రాల మీద ప్రయోగాలు చేసి ఒక సూత్రం ఇచ్చారు. గాలి ఒత్తిడి పీఎస్ఐలో తీసుకుని వర్గమూలం కట్టి 10.35తో గుణిస్తే గంటకు మైళ్లు. 32 పీఎస్ఐకి 58న్నర మైళ్లు, అంటే 94 కిలోమీటర్లు. 24కు దిగితే 82. అదీ నున్నటి టైరుకు, లోతైన నీళ్లలో. మేం పోతున్నది డెబ్బై, రోడ్డు మీదున్నది పల్చటి తడి, బురద. తేలడానికి లెక్క కుదరదు. గాడి తన పని చేసింది, నీళ్లను పక్కకు తోసింది. ఆ తర్వాత రాళ్లను పట్టుకోవాల్సింది రబ్బరు, అదే పట్టుకోలేదు. కంకర గరుకులోకి మెత్తగా దిగి, వంగి లేస్తూ శక్తిని మింగేస్తేనే తడిలో పట్టు. నల్లరేగడి పూత మీద ఏ టైరైనా కష్టమే అనుకోండి, అది ఒప్పుకుంటా. కానీ చెక్కలాంటి టైరుకు ఆ కొంచెం అవకాశం కూడా లేదు.

వెడల్పు గురించి ఇంకో మాట. అదే బరువు, అదే గాలి ఒత్తిడి ఉంటే నేలను తాకే జాగా పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది. పొట్టిగా, అడ్డంగా అవుతుంది. నడిమధ్య నీళ్లు పక్కకు పోవడానికి దూరం ఎక్కువ. పొడి రోడ్డు మీద మలుపుల్లో అది బాగుంటుందేమో, వానలో కాదు. అందుకని కంపెనీ ఇచ్చిన సైజే ఉంచాం.

పెర్ఫార్మెన్స్ టైరు అన్నది మాత్రం అన్న మాటే నెగ్గింది, కాకపోతే నా కారణాలతో. చాలా టైర్ల పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. 500 అంటే మెల్లగా అరిగేది, 200 అంటే తొందరగా అరిగేది, మామూలుగా మెత్తనిది. ఆ అంకె ఎవరి పరీక్ష వాళ్లు చేసుకుని వేసేది, వేరే కంపెనీలతో పోల్చడానికి పూర్తిగా నమ్మలేం. దాని పక్కన ట్రాక్షన్ అని డబుల్ ఏ, ఏ, బి, సి ఉంటాయి. తడి రోడ్డు మీద నేరుగా బ్రేకు వేస్తే ఎంత పట్టు అన్నది అది. మలుపుల గురించి, తేలడం గురించి ఏమీ చెప్పదు. మా కథంతా నేరుగా వేసిన బ్రేకే కాబట్టి నేను ఆ అక్షరాన్నే వెతికాను. వి, డబ్ల్యూ లాంటి వేగం అక్షరాలు వేరు. గంటకు 240 తట్టుకుంటుందన్న హామీ వానలో మనకెందుకు?

మెత్తటి రబ్బరు వేస్తే మైలేజీ పడిపోతుందని నాయన భయం. ఆ భయం ఒకప్పుడు నిజమే. 1990ల మొదట్లో మిషెలిన్ వాళ్లు కార్బన్ బ్లాక్ బదులు సిలికా ఎక్కువ కలిపి తడి పట్టునూ, తక్కువ దొర్లుడు నష్టాన్నీ ఒకే రబ్బరులో తెచ్చారు. ల్యాబుల్లో టాన్ డెల్టా అని కొలుస్తారు, సున్నా డిగ్రీల దగ్గర ఎక్కువుండాలి, అరవై దగ్గర తక్కువుండాలి. చలికి ఒకటి, వేడికి ఇంకొకటి. చదువుతుంటే గుడ్‌ఇయరే గుర్తొచ్చాడు, అదే ప్రశ్న ఇంకో రూపంలో. చల్లటి దేశాల వాళ్లు ఏడు డిగ్రీలకు దిగితే సమ్మర్ టైర్లు బిగుసుకుంటాయని మార్చుకుంటారు. నంద్యాల ఏడు డిగ్రీలకు దిగిన రోజు మనం టైర్ల గురించి కాదు, దుప్పట్ల గురించి ఆలోచిద్దాం.

డబ్బులు రెండు టైర్లకే వచ్చాయి. ఇంజను లాగేది ముందు చక్రాలనే కాబట్టి ముందుకే వేయాలని షాపాయన, అన్న, మా నాయన ముగ్గురూ ఒక్కమాటన్నారు. నేను వెనక్కి వేయించాను. ముందు జారితే కారు తిన్నగా పోతుంది, స్టీరింగ్‌లో తెలుస్తుంది, కాలు తీస్తే కొంత సర్దుకుంటుంది. వెనక జారితే గిర్రున తిరుగుతుంది, మనకు తెలిసేలోపు అయిపోతుంది. షాపాయన నా మొహం చూసి, ఎంత చదువుతున్నావని అడిగి, సరే అన్నాడు. అట్లాగని ముందు తొమ్మిదేళ్లవి పెట్టుకుని వానలో పోయే ధైర్యం మాకు లేదు. ఆ నెలరోజులు మబ్బు పడితే ఆర్టీసీ బస్సే. అక్టోబరులో మిగతా రెండూ వేయించాం. వేసే ముందు ఒక్కో టైరూ తిప్పి నాలుగంకెలు చదివాను, ఒకటి ఏడాదిన్నర పాతది వస్తే మార్పించాను.

డిక్కీలో స్టెప్నీ మాత్రం ఇంకా 3615దే. గాళ్లు కొత్తగా మెరుస్తున్నాయి.